జాకీ పట్టేశాడు!

మా మావయ్యకి గుర్రప్పందేల పిచ్చి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, చంకలో రేసు పుస్తకం పెట్టుకుని వెళ్ళేవాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడు. గెలిచిన రోజు చేతిలో బిర్యానీ పొట్లం ఉండేది. ఓడిన రోజు ఒకటే మాట: "గుర్రంలో లోపం లేదురా, జాకీ పట్టేశాడు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బిర్యానీ ఎన్నిసార్లు తిన్నానో మాత్రం వేళ్ళ మీద చెప్పగలను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న లంచ్ టైములో మా టీములో కుర్రాడొకడు లాప్‌టాప్ తెరిచి, గుర్రప్పందేల మీద తను పైథాన్‌లో రాసుకున్న మోడల్ చూపించాడు. బానే రాశాడు. దూరం, బరువు, జాకీ, ట్రైనర్, పోయిన ఆరు రేసుల ఫలితాలు, అన్నీ ఉన్నాయి. "పెద్ద రేసుల్లో పర్లేదన్నా. కింది క్లాసు రేసుల్లోనే దెబ్బ తింటున్నా. అక్కడ పట్టేస్తున్నారు. ఎప్పుడు పడతారో, ఎప్పుడు వదుల్తారో కనిపెడితే చాలు, తిరుగుండదు" అన్నాడు. ఎంత పోయిందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వే.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. చిన్న రేసుల్లో జాకీలూ, ఓనర్లూ కావాలని గుర్రాన్ని గెలవకుండా ఆపుతారా? దీనికి మామూలుగా వినపడే జవాబులు రెండు. "అంతా ఫిక్సింగే" అనేది ఓడినవాళ్ళ జవాబు. "కెమెరాలున్నాయి, స్టివార్డులున్నారు, దొరికితే లైసెన్సు పోతుంది, ఎవడు చేస్తాడండీ" అనేది రేసు అభిమానుల జవాబు. నా ఉద్దేశంలో రెండూ తప్పే. ఇద్దరూ జాకీ చేతుల్లో ఉన్న కళ్ళేన్నే చూస్తున్నారు. చూడాల్సింది రూలు పుస్తకాన్ని.

కింది స్థాయి రేసుల్లో ఎక్కువ భాగం హ్యాండీకాప్ రేసులు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగు ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, వరసగా ఓడితే తగ్గుతుంది. బ్రిటన్లో ఒక పాయింటంటే ఒక పౌను బరువు, అంటే దాదాపు అర కిలో. రేటింగు ఎక్కువున్న గుర్రం ఎక్కువ బరువు మొయ్యాలి, తక్కువైతే జీను దగ్గర సీసం పలకలు పెట్టి సరిచేస్తారు. మన దేశంలో హైదరాబాదు, బెంగుళూరు, ముంబై క్లబ్బులు నడిపేదీ ఈ పద్ధతే. ఉద్దేశం మంచిదే. బలమైన గుర్రం, బలహీనమైన గుర్రం కలిసి పరిగెత్తినా పోటీ రంజుగా ఉండాలని.

ఇప్పుడు ఇంజినీరు బుర్రతో ఆలోచించండి. గెలిస్తే శిక్ష, ఓడితే బహుమానం. కొలిచేవాడికి కావలసిన డేటా అంతా కొలవబడేవాడి చేతిలో ఉంది. ఆ డేటా చెడిపోకుండా ఉంటుందా?

మనకి తెలియని సంగతి కాదు. ఈ స్ప్రింటులో నలభై పాయింట్లు చేసిన టీముకి వచ్చే స్ప్రింటులో యాభై అంటగడతారు. అది ఒక్కసారి చూశాక, ఆరు గంటల పనికి మూడు రోజులని ఎస్టిమేటు ఇవ్వడం కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి కూడా వచ్చేస్తుంది. అప్రైజల్ గోల్స్ రాసుకునేటప్పుడు మీరు నిజంగా చెయ్యగలిగినంతా రాశారా ఎప్పుడైనా? నేను రాయలేదు. మనల్నెవరూ మోసగాళ్ళనరు. "ప్లానింగ్" అంటారు. గుర్రాల ట్రైనర్లు చేసేదీ చాలావరకు ఇదే ప్లానింగు.

గుర్రాన్ని ఆపడమంటే జాకీ కళ్ళెం బిగబట్టి వెనక్కి లాగడమనుకుంటాం. అది అమాయకుల పద్ధతి. తెలివైనవాళ్ళకి కళ్ళేంతో పనే లేదు. రెండు వేల మీటర్ల గుర్రాన్ని పన్నెండొందల మీటర్ల రేసులో దింపితే చాలు. గట్టినేల నచ్చే గుర్రాన్ని బురదలో పరిగెత్తించొచ్చు. పూర్తి ఫిట్‌నెస్ రాకముందే, "ఒక రేసు పడితే సర్దుకుంటుంది" అని పంపొచ్చు. అనుభవం లేని కుర్ర జాకీని ఎక్కించొచ్చు. వీటన్నిట్లో జాకీ నిజాయితీగానే స్వారీ చేస్తాడు. గుర్రం నిజాయితీగానే ఓడుతుంది. కెమెరాలో ఏం కనపడుతుంది? స్టివార్డు ఏమని అడుగుతాడు? కాయితాల మీద రేటింగు మాత్రం మెట్టు మెట్టుగా దిగుతుంటుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఐర్లండులో ఉంది. 1975 జూన్ 26, బెల్యూస్‌టౌన్ అనే చిన్న రేసుకోర్సు. బార్నీ కర్లీ అనే ఆసామి తన ఎల్లో సామ్ అనే గుర్రాన్ని అప్పటిదాకా దానికి నప్పని రేసుల్లో పరిగెత్తిస్తూ రేటింగు దించుకుంటూ వచ్చాడు. చివరికి దానికి సరిపడే రేసు చూసుకుని, దేశమంతా ఉన్న పందేల దుకాణాల్లో మనుషుల చేత చిన్న చిన్న మొత్తాలు కట్టించాడు. ఆ సమాచారం కోర్సులో ఉన్న బుకీలకి అందితే ధర పడిపోతుంది. కోర్సు మొత్తానికి ఒక్కటే పబ్లిక్ ఫోను. కర్లీ మనిషి ఒకడు అందులో దూరి, చావుబతుకుల్లో ఉన్న మేనత్త గురించి ఏడుస్తూ దాదాపు అరగంట ఫోను వదల్లేదు. గుర్రం 20కి 1 ధర మీద గెలిచింది. మూడు లక్షల పౌన్లకి పైగా వచ్చాయి. బుకీలు గింజుకున్నారు గానీ, ఇందులో చట్టవిరుద్ధమైన పని ఒక్కటీ చూపించలేక డబ్బు కట్టారు. ఈ కథని రేసు ప్రపంచం ఇప్పటికీ పండగలా చెప్పుకుంటుంది. ఆ ముందటి రేసుల్లో ఎల్లో సామ్ మీద డబ్బు కట్టి పోగొట్టుకున్న అనామకుల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మా మావయ్య జాతి వాళ్ళు వాళ్ళే.

చిన్న రేసుల్లోనే ఎందుకంటారా? పెద్ద రేసులో ఓడితే నష్టం కాబట్టి. ఫ్రాంకెల్ అనే గుర్రం 14 రేసులు పరిగెత్తి 14 గెలిచింది. 2024లో దానితో ఒక్క ఆడగుర్రానికి జత కట్టించడానికి ధర మూడున్నర లక్షల పౌన్లు. అలాంటి గుర్రాన్ని ఓడించే పిచ్చి ఓనరు ఉండడు. అదే బ్రిటన్లో అట్టడుగు తరగతి హ్యాండీకాప్ గెలిస్తే ఓనరుకి వచ్చేది మూడు నాలుగు వేల పౌన్లు. గుర్రాన్ని ట్రైనింగులో ఉంచడానికి ఏడాదికి ఇరవై వేలకి పైనే అవుతుంది. బహుమతి డబ్బుతో గడ్డి ఖర్చు కూడా రాదు. మరి ఆ ఓనరు ఎందుకున్నాడు ఆటలో? కొందరు ప్రేమతో, కొందరు దర్పం కోసం. ఇంకొందరు ఏదో ఒక రోజు పందెంలో రాబట్టుకుందామని.

ముతక పద్ధతి అసలు లేదనీ కాదు. 2000లో బెట్‌ఫెయిర్ వచ్చాక, గుర్రం గెలుస్తుందనే కాదు, ఓడుతుందని కూడా ఇంట్లో కూర్చుని ఎవరైనా పందెం కాయొచ్చు. గెలిపించడం ఎవరి చేతిలోనూ లేదు గానీ ఓడించడం చాలామంది చేతిలో ఉంది. 2009లో జరిగిన పది రేసుల మీద విచారించి, 2011 డిసెంబరులో బ్రిటిష్ రేసింగ్ అధికారులు ఇద్దరు ఓనర్లని 14 ఏళ్ళు, ఇద్దరు జాకీలని 12 ఏళ్ళు బహిష్కరించారు. కాబట్టి "ఎవడు చేస్తాడండీ" అనేవాళ్ళకి జవాబు: చేశారు, దొరికారు కూడా.

అలాగని ఓడిన ప్రతి గుర్రాన్నీ పట్టేశారనడం ఆడలేక మద్దెల ఓడనడమే. కీరన్ ఫాలన్ ఆరుసార్లు బ్రిటన్ చాంపియన్ జాకీ. గుర్రాల్ని ఆపే కుట్రలో ఉన్నాడని కేసు పెట్టారు. 2007 డిసెంబరులో లండన్ కోర్టు కేసు నిలవదని కొట్టేసింది. అనుమానించిన రేసుల్లో ఆయన స్వారీ చేసినవి 17, గెలిచినవి 5. ఆయన మామూలు సగటు కన్నా ఎక్కువ! ఓడించడానికి డబ్బు తీసుకున్నాడంటున్న మనిషి మామూలు కన్నా ఎక్కువ గెలిచాడన్నమాట. అనుమానం రుజువు కాదు. గుర్రం ప్రాణమున్న జంతువు. దానికీ కడుపునొప్పి వస్తుంది, దానికీ ఆ రోజు పరిగెత్తబుద్ధి కాదు.

మా కుర్రాడి మోడల్ సంగతి చూద్దాం. బిల్ బెంటర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1980ల్లో హాంకాంగ్ వెళ్ళి, కంప్యూటర్ మోడల్‌తో గుర్రప్పందేల్లో కోట్లు గడించిన మనిషి. ఆయన 1994లో రాసిన పేపర్లో కీలకమైన మెట్టు ఒకటుంది. ఎన్ని ఫీచర్లు పెట్టినా తన మోడల్ ఒక్కటే సరిపోలేదు. జనం పందేల ధరల్ని కూడా అందులో కలపాల్సొచ్చింది. ఎందుకంటే గుర్రం రికార్డులో కనపడని సమాచారం ధరలో ఉంటుంది. లాయం లోపల ఉన్నవాడికి తెలిసింది అతని డబ్బు ద్వారా ధరలోకి వస్తుంది. అంటే, బెంటర్ అంతటివాడు కూడా లోపలివాడి మనసుని ఫీచరుగా రాయలేకపోయాడు. పైగా ఆయన ఆడింది హాంకాంగులో. అక్కడ అట్టడుగు క్లాసు రేసుకి కూడా బహుమతి లక్షల డాలర్లలో ఉంటుంది, ఓడి దాచుకోవలసిన అవసరం తక్కువ. అయినా 1986లో అక్కడా రేసు ఫిక్సింగ్ కుంభకోణం బయటపడింది.

మార్గం లేదా? ఉంది, రూలు మారిస్తే. అమెరికాలో కింది స్థాయి రేసులు చాలావరకు క్లెయిమింగ్ రేసులు. రేసులో దిగే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర కట్టి ఉంటుంది. అర్హత ఉన్న ఏ ఓనరైనా రేసుకి ముందు ఆ ధర కట్టేసి గుర్రాన్ని తోలుకుపోవచ్చు. మంచి గుర్రాన్ని నాసిరకంలా చూపించి చౌక రేసులో దింపారా, గుర్రమే పోతుంది. జపాన్‌లో ఎక్కువ రేసుల్లో తరగతి అంటే ఎన్ని గెలిచిందనే లెక్క. ఒక గెలుపు, రెండు గెలుపులు, అలా. 2019 నుంచి పై తరగతికెళ్ళిన గుర్రాన్ని కిందికి దింపడం కూడా మానేశారు. ఓడి మూటగట్టుకునేది ఏమీ లేదు. ఈ పద్ధతులకీ వేరే రోగాలున్నాయి, కాదనను. కానీ నిజం దాచినవాడికి లాభం లేకుండా రూలు రాయొచ్చని రెండు దేశాలు చూపించాయి. వందమంది స్టివార్డుల్ని పెట్టడం కన్నా ఒక ఇన్సెంటివ్ సరిచెయ్యడం మేలు.

1996లో మన సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అంది. నిజమే, నైపుణ్యం ఉంది. ట్రైనరుకి ఉంది, జాకీకి ఉంది, రేసులు ఎంచుకునే ఓనరుకి మరీ ఉంది. టికెట్టు కొన్నవాడి నైపుణ్యం వీళ్ళందరి మనసులోని మాట ఊహించడంలో ఉంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. గుర్రాలన్నీ హరిశ్చంద్రుడి వంశంలో పుట్టినా మీ లెక్క తేలదు.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకోటుంది. మా మావయ్యకి ఇవేవీ తెలియక ఓడలేదు. పట్టేస్తారని ఆయనకి బాగా తెలుసు. ఆ తెలుసన్న ధీమాయే ఆయన్ని ముంచింది. "మూడు రేసులుగా పడుతున్నారురా దాన్ని. రేటింగు దిగింది. ఈ ఆదివారం వదుల్తారు" అనేవాడు. మోసం జరుగుతోందని తెలిసినవాడు లేచి ఇంటికెళ్ళాలి. ఆయన మాత్రం ఆ మోసంలో తనకీ ఒక వాటా ఉందనుకున్నాడు. పెద్దమ్మాయి పెళ్ళికని కొన్న రెండొందల గజాల స్థలం ఆ వాటా కిందే పోయింది. ఇంట్లో రిజిస్ట్రేషన్ కాయితాలు లేవని అత్తయ్యకి తెలిసిన రోజు కూడా ఆయన అదే మాటన్నాడు, జాకీ పట్టేశాడని.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే అన్నా, రేటింగు ఎంత దిగితే వదుల్తారో దానికొక త్రెషోల్డ్ పెడితే?" అన్నాడు.

లాప్‌టాప్ మూసెయ్యమన్నాను. మూశాడు. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ తెరిచుంటాడు.