చింతచెట్టు చెప్పే పాఠం

దసరా సెలవుల్లో పెనుగొలను నుంచి పిల్లలతో హైదరాబాద్ వెళ్లాం. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు చూశాం, ఫోటోలు దిగాం. కానీ పిల్లలు ప్రశ్నలడిగింది మాత్రం అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగితే, ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ గుణపాఠంతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు.

మరి మూసీ ఎందుకిట్లా కంపుకొడుతోంది? నగరంలో చెరువులను మింగిందెవరు? పిల్లలకు ఏమని జవాబు చెప్పాలి? మా ఊరి పేరులోనే కొలను ఉంది. దాని విలువ మాకు తెలుసు.

మిత్రులారా! ఈసారి నగరానికి వెళితే షాపింగ్ మాల్స్‌తో సరిపెట్టకండి. పిల్లలను మూసీ ఒడ్డు బస్తీల్లో నడిపించండి. ప్రశ్నించడం అక్కడే నేర్చుకుంటారు.