నూటికి సుమారు ఒక్కరే: నోటి పరీక్ష కోసం ఒక విజ్ఞప్తి

నోటి క్యాన్సర్ ఉందేమో తెలుసుకోవడానికి జీవితంలో ఒక్కసారైనా నోరు పరీక్ష చేయించుకున్న స్త్రీలు, 30 నుంచి 49 ఏళ్ల వయసువారిలో, దేశం మొత్తం మీద 0.9 శాతమని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అదే వయసు పురుషుల్లో ఆ సంఖ్య 1.2 శాతం. కడుపులోనో కాలేయంలోనో దాగి ఉండే రోగం గురించి అయితే ఈ లెక్కకు ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. టార్చిలైటు వేసి, వేలితో బుగ్గ పక్కకు లాగితే కంటికి కనిపించే చోటు గురించి ఏం చెప్పుకోవాలి? గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఏటా 1,43,000 మందికి పైగా పెదవి, నోటి క్యాన్సర్ల బారిన పడుతుండగా, 80 వేలమంది దాకా ప్రాణాలు కోల్పోతున్నారు. పురుషులకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉంది. తెలుగులో వైద్యం గురించి రాసేవారికీ చదివేవారికీ కూడా ఈ అంకెలను పట్టించుకోవలసిన బాధ్యత ఉందన్న ఉద్దేశంతోనే ఈ విజ్ఞప్తి.

శరీరంలోని ప్రతి కణం ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నశించాలో నిర్ణయించే ఆదేశాలు జన్యువుల్లో ఉంటాయి. ఆ జన్యువులు కొన్ని వరుసగా దెబ్బతిని, ఒక కణం అదుపు తప్పి పెరుగుతూ, పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకుపోయి, రక్తం ద్వారానో శోషరసం ద్వారానో దూరపు అవయవాలకు పాకగల స్థితికి చేరితే దాన్ని క్యాన్సర్ అంటారు. చర్మంలోనూ అవయవాల లోపొరల్లోనూ పుట్టేవి కార్సినోమాలు, ఎముక, కండరం వంటి వాటిలో పుట్టేవి సార్కోమాలు, రక్తకణాలు తయారయ్యే మూలుగలో పుట్టేవి లుకేమియాలు, శోషరస వ్యవస్థలో పుట్టేవి లింఫోమాలు. నోటి క్యాన్సర్లలో నూటికి 90కి పైగా స్క్వామస్ సెల్ కార్సినోమాలే, అంటే నోటి లోపొరలో పరచుకుని ఉండే పలుచని కణాల్లో పుట్టేవి. చాలా క్యాన్సర్ల విషయంలో ఈ రోగికి ఇది ఎందుకు వచ్చిందని అడిగితే వైద్యులు తేల్చి చెప్పలేరు. నోటి క్యాన్సర్ విషయంలో అంత సందిగ్ధం లేదు. పొగాకు, వక్క, మద్యం అనే మూడింటి చుట్టూనే అత్యధిక కేసులు తిరుగుతాయి.

తెలుగువారికి ఈ సంగతి కొత్తగా చెప్పవలసిన అగత్యం లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అంటే అడ్డపొగ, ఎంతోకాలంగా ఉన్నదే. సాధారణంగా అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఆ అలవాటున్నవారిలో కనిపిస్తున్నదని పరిశోధకులు ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే ప్రచురించారు. 1971లో పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ తాగేవారి అంగిలిలో వచ్చే మార్పులను వివరంగా నమోదు చేసింది. ప్రపంచ వైద్య గ్రంథాలు అడ్డపొగ గురించి చెప్పేటప్పుడు ఆంధ్రదేశాన్ని ఉదాహరిస్తాయి. అటువంటి నేల మీద కూడా అంగిలి చూపించుకోవడం అలవాటు కాకపోవడాన్ని అజ్ఞానమని సరిపెట్టుకోవడం కష్టం.

చుట్ట తగ్గుతున్నదని సంతోషించేలోపే ఖైనీ, గుట్కా, జర్దా బుగ్గల్లోకి చేరాయి. గుట్కాను నిషేధిస్తే, పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పెట్టి పక్కపక్కనే వేలాడదీసి అమ్మే కిళ్లీ కొట్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. పొగాకు లేని వక్కపొడితో ఏమవుతుందని పెళ్లి భోజనాల దగ్గర పిల్లల చేతుల్లో కూడా పోసే పెద్దలు, పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే ప్రకటించిన సంగతిని ఇకనైనా చెవిన వేసుకోవాలి.

నోటి క్యాన్సర్ చాలామందిలో చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. గీకినా పోని తెల్ల మచ్చ (దీన్ని ల్యూకోప్లాకియా అంటారు), అంతకంటే ప్రమాదకరమైన, మఖమలు గుడ్డలా కనిపించే ఎర్ర మచ్చ (ఎరిత్రోప్లాకియా), వక్క నమిలేవారిలో లోపొర కింద పీచు కణజాలం పేరుకుని బుగ్గలు బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, ఇవన్నీ క్యాన్సర్‌కు ముందు కనిపించే దశలు. ఈ చివరిదానికి తొలి గుర్తు వంటింట్లోనే తెలుస్తుంది: నిన్నమొన్నటిదాకా ఆవకాయ కలుపుకుని తిన్న మనిషి, పచ్చిపులుసు కూడా మంటగా ఉందని పళ్లెం పక్కకు జరుపుతాడు. తర్వాత నోరు తెరవడం తగ్గుతుంది. తమ చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడింటినీ నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోలేనివారు డాక్టరు దగ్గరకు వెళ్లవలసిందే. రెండు వారాలు దాటినా మానని పుండు, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో తగిలే గడ్డ, నాలుక పక్కన గట్టిపడిన చోటు కూడా డాక్టరుకు చూపించవలసినవే. నొప్పి లేదు కదా అని ఊరుకునేవారు తొలిదశ క్యాన్సర్ తరచుగా నొప్పి పెట్టదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

అనుమానం కలిగినచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడడాన్ని బయాప్సీ అంటారు. ముక్క తీస్తే, కత్తి పెడితే రోగం పాకుతుందన్న మాట పట్టుకుని ఆకు పసర్లతో నెలలు గడిపేవారి వల్ల ఆ మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. పాకడానికి కారణం కత్తి కాదు, ఆ నెలలే. పుండు రెండు సెంటీమీటర్లలోపు ఉండి లోతుకు పోకముందే వచ్చినవారికి చాలావరకు శస్త్రచికిత్సతోనే సరిపోవచ్చు. ఆలస్యమైతే దవడ ఎముక తీసి, కాలి ఎముకతో కొత్త దవడ కట్టి, ఆ పైన రేడియేషన్, కీమోథెరపీ ఇవ్వవలసి రావచ్చు; రేడియేషన్ తర్వాత లాలాజలం ఎండిపోయి ముద్ద మింగడానికే నీళ్లు కావలసి వస్తుంది. తొలిదశ నోటి క్యాన్సర్‌లో గడ్డలు తేలకముందే మెడలోని శోషరస గ్రంథులు కూడా తీసివేస్తే మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 80 శాతమనీ, తేలేదాకా ఆగితే 67.5 శాతమనీ ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2015లో నిరూపించారు. చికిత్స ఇంత ముందుకు వచ్చింది. పరీక్ష చేయించుకున్న స్త్రీలు మాత్రం 0.9 శాతం.

పరీక్షలతో ప్రాణాలు దక్కుతాయా అన్న సందేహానికి కేరళ ఎప్పుడో జవాబిచ్చింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కేవలం కంటితో నోళ్లు చూడగా, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో ప్రచురితమైంది. ఖరీదైన యంత్రం ఒక్కటీ వాడలేదు.

అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు నిండినవారికి నోటి పరీక్ష చేయాలన్న నియమం ఉంది. ఆశా కార్యకర్త నింపే పత్రంలో పొగాకు, మానని పుండు, తెరుచుకోని నోరు గురించిన ప్రశ్నలూ ఉన్నాయి. ఆ పత్రం నింపి వదిలేయకుండా నోరు తెరిపించి చూడాలని ఆరోగ్య సిబ్బందికీ, పంటి నొప్పికి వచ్చినవారి బుగ్గలూ నాలుక కిందా కూడా చూసి పంపాలని దంతవైద్యులకూ మనవి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య పథకాలూ అర్హులైనవారి చికిత్స ఖర్చు భరిస్తున్నాయి. ఇన్ని ఉండి కూడా ఫోనులో పుండు ఫొటో తీసి బంధువులకు పంపడంతో సరిపెట్టుకునేవారికి ఎవరు మాత్రం ఏం చేయగలరు?

పొగాకు గానీ వక్క గానీ అలవాటున్న ప్రతి వ్యక్తీ ఈ నెల దాటకుండా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో దంతవైద్యుని దగ్గరో నోరు చూపించుకోవాలనీ, ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే వారిని వెంటబెట్టుకుని వెళ్లాలనీ పాఠకులకు విజ్ఞప్తి. మానుకోవాలనుకునేవారికి జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం నంబరు 1800-11-2356. ఫోను ఖర్చు ఉండదు.