రంగు ఎలుకది, రక్తం మనిషిది

రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపుల్లో స్థిరపడ్డ తెలుగు రైతులు తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండిస్తున్నారు. వాళ్లు కొనే ప్రతి పురుగుమందు డబ్బా మీదా రంగు త్రికోణం ఒకటి ఉంటుంది. ఎరుపైతే అతి ప్రమాదం, పసుపైతే కాస్త తక్కువ. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే తాగించినా సగం ప్రయోగ జంతువులు చచ్చే మందుకు ఎరుపు. 51 నుంచి 500 వరకైతే పసుపు. ఆ జంతువు ఎక్కువగా ఎలుకే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎలుక ప్లాస్మాలో కార్బాక్సిలెస్టరేజ్ అనే ఎంజైము పుష్కలం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు నరాల దాకా పోకముందే చాలావరకు దానికి చిక్కిపోతుంది. మనిషి కాలేయంలో ఈ ఎంజైము ఉంది గానీ ప్లాస్మాలో లేదు. అందుకే అమెరికా శాస్త్రవేత్తలు 2011లో, మనిషికి దగ్గరగా ఉండాలని, ప్లాస్మాలో అది లేని చిట్టెలుకలను పుట్టించారు.

మన ప్లాస్మాలో ఆ పని చేసేది బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. ఉన్నది కొంచెం, మందు తగిలితే అదీ అణగారిపోతుంది. పైగా అందరిలో ఒకేలా ఉండదు. వైశ్య సమాజంలో కొందరికి పుట్టుకతోనే ఇది దాదాపు లేదని, దానికి ఒక జన్యుమార్పు కారణమని 2006లో వెలువడ్డ అధ్యయనం చూపింది. మామూలు రోజుల్లో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌లో కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడే ఊపిరి చాలాసేపు అందక ఆ లోపం బయటపడుతుంది.

ఎలుకకూ మనిషికీ తేడా ఉంటుందని పదింతలు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పదింతలు తగ్గించి తిండిలో మందు అవశేషాలకు హద్దు పెడతారు. అది కంచంలో అన్నానికి సరే. వీపున కారే ట్యాంకుతో, తడిసిన చొక్కాతో పొద్దంతా మందు కొట్టే కూలీకి ఆ లెక్క రక్షణ కాదు.

అతనికి కావలసింది అతని రక్తం చెప్పే లెక్క. కాలిఫోర్నియాలో 1970ల నుంచే ఆ పద్ధతి ఉంది: ఆర్గానోఫాస్ఫేట్ మందులు తరచూ కొట్టేవారికి పని మొదలుకాకముందే ప్లాస్మాలో, ఎర్రకణాల్లో కోలినెస్టరేజ్ ఎంజైము స్థాయి పరీక్షిస్తారు. తర్వాత అది ఆ మొదటి స్థాయిలో 80 శాతం కంటే దిగితే పని తీరును సరిచూస్తారు. ప్లాస్మాలో 60కి, ఎర్రకణాల్లో 70కి పడితే మందు పనినుంచి తప్పిస్తారు.

రాయచూరులో వైద్య కళాశాల ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయమూ ఉంది. ఆ రెండూ కలిసి పూనుకుంటే కాలువకు నీళ్లు వదలకముందే క్యాంపుల్లో మొదటి నమూనాలు తీయవచ్చు. ఫలితం చీటీ మాత్రం ఆసామి చేతికి కాదు, మందు కొట్టే మనిషి చేతికే ఇవ్వాలి. పనినుంచి తప్పించిన రోజులకు అతని కూలి ప్రభుత్వమే కట్టాలి. లేకపోతే అతను మరుసటి పొద్దున్నే మళ్లీ ట్యాంకు ఎత్తుకుంటాడు.