ఊరి కబురు

మండల కేంద్రంలో ఎవరైనా పోతే ముందు చెప్పేది బస్టాండు ఎదుటి ఫ్లెక్సీ. పుట్టినరోజు, కొత్త పదవి, పడిపూజ, పెద్దకర్మ అన్నీ దాని మీదే. అది డబ్బున్నవాళ్ల వార్త. లేనివాళ్ల సంగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు.

ఈ సంచికను చిన్న ఊళ్ల వార్తలకు కేటాయించాం. బందరు నుంచి 1902లోనే కృష్ణా పత్రిక వచ్చింది. కానీ వీధి కుళాయికి, సంతలో గొడవకు, కబడ్డీ పోటీకి రోజూ అచ్చులో చోటు దొరికింది దినపత్రికలు జిల్లా అనుబంధాలు వేయడం మొదలుపెట్టాకే. వాటిని గల్లీ వార్తలని వెక్కిరించినవాళ్లూ చివరికి ముందు తిప్పింది ఆ పేజీలే. వాటిని నింపే విలేకరి సంగతే అన్యాయం. చాలామందికి జీతం లేదు, అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే చిల్లర తప్ప. పైగా ప్రకటనలు తెచ్చే పనీ అతనిదే. పండక్కి సర్పంచిని ప్రకటన అడిగినవాడు, సంక్రాంతి వెళ్లాక ఆయన మీద ఏం రాయగలడు?

జహీరాబాద్ దగ్గరి మాచునూరులో దారి వేరు. అక్కడ 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. విత్తనాల ముచ్చట్లు, పండగ పాటలు వాళ్ల యాసలోనే వినిపిస్తాయి.

మీ ఊరి సంగతులు మాకూ రాయండి. సన్మానాలు వద్దు. బడి ఎందుకు మూతపడిందో, చెరువు తూము ఎవరు బాగుచేయించారో రాయండి.