రెండో గట్టయినా కాళ్లకు వదలండి

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు కాలువగట్ల మీద నడక గురించి మీరు వేసిన రెండు పేజీల వ్యాసమూ, దాన్ని వెనకేసుకొస్తూ మంగళవారం రాసిన సంపాదకీయమూ చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. వ్యాసం బాగానే ఉంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. ఒళ్లు మండింది చివరి పేరా దగ్గర. మన దగ్గర అలాంటి దారులే లేవట! అందుకని గోదావరి డెల్టాలో కాలువల వెంట టైల్స్ పరిచి, రెయిలింగులు బిగించి, రంగు దీపాలు పెట్టి, మధ్యమధ్య సెల్ఫీ పాయింట్లతో వాకింగ్ కారిడార్ కట్టాలట. మీ సంపాదకీయమైతే ఇంకో అడుగు ముందుకేసి, 2027 పుష్కరాల నిధుల్లోంచే దానికి కొంత విదల్చమని సలహా కూడా పారేసింది. దారి లేదని మీకెవరు చెప్పారండీ? ధవళేశ్వరంలో బయల్దేరిన కాలువ గట్టు లేకుండానే కాకినాడ దాకా పారుతోందా?

ముందు ఇంగ్లండు సంగతే చూద్దాం. అక్కడి కాలువగట్టు దారులు షికారుకెళ్లేవాళ్ల కోసం వేసినవి కావు. తాడు కట్టి పడవను లాగే గుర్రం కోసం వేసినవి. రైళ్లు, ఆ తర్వాత లారీలు వచ్చి పడవల నోట మట్టి కొట్టాక ఆ కాలువలూ పాడుబడ్డాయి. డివైజెస్ దగ్గరి 29 లాకుల వరసకు మీరు పెద్ద ఫొటో వేశారు కదా, ఆ కెన్నెట్-ఏవన్ కాలువ దశాబ్దాల తరబడి పనికిరాకుండా పడి ఉంది. జనం పట్టుబట్టి బాగు చేయించుకుంటే 1990లో మళ్లీ తెరిచారు. మన కాలువల కథా దాదాపు ఇదే. ఇంజనీరు కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించింది ఒక్క వరి కోసమే కాదు. ఈ దేశానికి రైళ్లకన్నా పడవలే చవక అని జీవితాంతం వాదించిన మనిషి ఆయన. పెద్ద కాలువలకు లాకులు పెట్టించింది అందుకే. గాలి వాటంగా ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని మనుషులు. అక్కడ గుర్రం నడిచినచోట ఇక్కడ కూలివాడు నడిచాడు. బస్సులొచ్చాక మన పడవలూ ఆగిపోయాయి. దారులు వేరైంది అక్కడినుంచే. వాళ్లు ఆ గట్లను నడిచేవాళ్లకు వదిలేశారు. మనం చాలాచోట్ల ఒక గట్టు మీద తారు పోసి లారీలకిచ్చాం, రెండోదాన్ని ముందు ఎవరు కంచె వేస్తే వాళ్లకిచ్చాం.

కాబట్టి ఆ దేశంలో నడక దారిని నిలబెట్టింది టైల్స్ కాదు, హక్కు. అదీ ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కావాలనే చొరబడ్డారు, కొందరు జైలుకు వెళ్లారు. 1949లో చట్టం వచ్చింది. ఏ ఊళ్లో ఏ కాలిదారి ఎటునుంచి ఎటు పోతుందో కౌంటీలు సర్వే చేసి పటాల మీద గీయాలని అందులో ఉంది. ఒకసారి పటంలోకి ఎక్కితే ఆ పటమే సాక్ష్యం. పొలం గలాయన గేటు పెట్టుకోవచ్చుగాని తాళం వేయడానికి వీల్లేదు. ఇంగ్లండు, వేల్సు కలిపి అలాంటి దారులు రెండు లక్షల కిలోమీటర్లకు పైనే. కాలువగట్లలో చాలా భాగానికి అక్కడ ఆ చట్టపు హక్కు కూడా లేదు, కాలువ యాజమాన్యం నడవనిస్తోంది, అంతే. మీ వ్యాసకర్త ఇదంతా ఒక్క ముక్కయినా రాయలేదు. టీ దుకాణంలో కేకు ఎలా ఉందో మాత్రం రాశారు. మనకు ఆ పటాలు కొత్తగా గీయాల్సిన పనైనా ఉందా? గోదావరి జిల్లాల్లో పుంతలు, గుంటూరు వైపు డొంకలు అనే దారులు గ్రామ నక్షాల్లో ఎప్పుడో గీసి ఉన్నాయి. నక్షాలో ఉన్న పుంత నేల మీద చేపల చెరువు గట్టులో కలిసిపోతుంటే అడిగే నాథుడే లేడు.

ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలువ పొడవు దాదాపు 50 కిలోమీటర్లు. ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట దాని దారిలోవే. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్లు, సామర్లకోటలో భీమేశ్వరుడు. పక్కనే రైలు మార్గం కాబట్టి ఓపికున్నంత నడిచి, దగ్గరి స్టేషన్లో పాసింజరెక్కి వెనక్కి రావచ్చు. కాలువ ఎగువకు పారదు గనక ఎత్తు ఎక్కే బాధ లేదు. ఇంతకంటే వసతిగల నడక దారిని ఏ కన్సల్టెంటు గీసిస్తాడు? పడవల వాళ్లకయితే ప్రభుత్వం ఉదారంగానే ఉంది. ఈ కాకినాడ కాలువనూ, 139 కిలోమీటర్ల ఏలూరు కాలువనూ, 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువనూ 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో కలిపేసింది. జాతీయ మార్గమైతే అయింది, అందులో గుర్రపుడెక్క తప్ప వేరే రాకపోకలు మాత్రం లేవు. అంత గొప్ప బిరుదు అడగడం లేదు. రోడ్డు లేని గట్టును ప్రజల కాలిదారి అని జలవనరుల శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చి, మనిషి పట్టేంత వెడల్పు ఖాళీగా ఉంచితే చాలు. తూము మీద పలక విరిగినచోట ఈసరికే ఎవరో రైతు తాటిపట్టె వేసి దాటుతూ ఉంటాడు. అక్కడో సిమెంటు పలక వేయండి. ఖర్చు అంతే.

గట్ల మీద పేదల ఇళ్లున్నాయి, వాళ్లను లేపేస్తారా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. లేపేసేది కారిడారు, కాలిదారి కాదు. ఆ గుడిసెల ముందునుంచి రోజూ జనం బిందెలతో, సైకిళ్లతో నడుస్తూనే ఉన్నారు. నడిచేవాడికి అంతకంటే అక్కర్లేదు. దారికి అడ్డం పడుతున్నవి పక్కా ప్రహరీలు, చేపల చెరువుల కంచెలు, కోళ్ల వ్యర్థాల గుట్టలు. గట్టు సాగునీటి భద్రత కోసం, జనం తిరగడానికి కాదని ఇంజనీర్లు అనవచ్చు. గండి పడబోయే చోటును ముందు పసిగట్టేది గట్టు మీద నడిచేవాడే. గట్లు కాసే లస్కర్లు చేసింది ఆ పనే కదా, వాళ్లిప్పుడు సరిపడా లేరని రైతులే మొత్తుకుంటున్నారు. ఎండలంటారా, కార్తీకం నుంచి మాఘం దాకా ఎండేమిటి? ఇక మన జనానికి నడిచే అలవాటు లేదన్న మీ సంపాదకీయ వాక్యానికి జవాబు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్లే భక్తులను అడగండి. ఉగాదికి కన్నడిగులు ఆ నల్లమల దారినే వస్తారు. వాళ్లకెవరూ టైల్స్ వేయలేదు.

చెప్పాలనుకోలేదు గాని, మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఏటా మే 15న కాటన్ విగ్రహానికి నాయకులు దండ వేస్తున్న ఫొటో జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌లకు తగ్గకుండా వేస్తారు. అపర భగీరథుడు అని అదే శీర్షిక. ఆ భగీరథుడి కాలువలోకి ఊళ్ల మురుగు ఎక్కడెక్కడ కలుస్తోందో, ఆ నీళ్లే దిగువన ఏ ఊరి మంచినీటి చెరువుకు ఎక్కుతున్నాయో పక్క కాలమ్‌లో వేస్తే దండల వాళ్లకు కోపం వస్తుందనా? గట్టు మీద మనిషి నడవడం మానేశాకే అది చెత్తకుప్ప అయింది. టైల్స్ వేసినా నడిచేవాడికి హక్కు లేకపోతే రెండేళ్లలో ఆ టైల్స్ మీదే చెత్త పోస్తారు, దీపాల స్తంభాలకు గేదెల్ని కడతారు.

వచ్చే ఆదివారం అనుబంధానికి మళ్లీ విదేశం వెళ్లకండి. మీ విలేకరుల్లో ఇద్దరిని ధవళేశ్వరంలో గట్టెక్కించి సామర్లకోట దాకా నడవమనండి. దారి ఎక్కడెక్కడ తెగిందో, ఎవరి గోడ దగ్గర తెగిందో పటం గీసి, పేర్లతో సహా అచ్చెయ్యండి.

ఇట్లు,
మీ చిరకాల పాఠకుడు,
మండపేట