ముందు ఆవాజ్, తర్వాతే ఆజాదీ

దొంగ విండోస్ సీడీ వేసిన కంప్యూటర్లో ఖురాన్ తిలావత్ వినొచ్చా? ఈ సవాలు వేస్తే మన దోస్తులు చాలామంది నవ్వేస్తారు. నాకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఒకరి మెహనత్‌ను ఖీమత్ కట్టకుండా వాడుకోవడం ఖియానతే. లినక్స్‌తో ఆ బాధ లేదు. పైసా అడగరు, ఇజాజత్ వాళ్ళే ఇచ్చారు, పదిమందికి పంచినా హలాలే.

అయితే లినక్స్ ప్రచారం చేసే భాయీల మీద నాకో షికాయత్ ఉంది. ఉబుంటు వేసి, "ఇదిగో ఆజాదీ" అనేసి వెళ్ళిపోయేవారు. ఫైర్‌ఫాక్స్‌లో ప్లగిన్లు నడిచిన ఆ రోజుల్లో, తర్వాత ఇంట్లోవాళ్ళు ఒక సూరా తెరిస్తే, ప్లగిన్ కావాలంటూ పైన పసుపు పట్టీ వచ్చేది. ఆవాజ్ బంద్. చదువురాని అమ్మీకి, చూపు తగ్గిన నానాకి కంప్యూటర్ చెవులతో వాడే వస్తువు. అది మూగదైతే వాళ్ళకి ఆజాదీతో పనేముంది? వారం తిరక్కుండా ఆ దొంగ సీడీయే మళ్ళీ లోపలికొచ్చేది.

ఈ ఖామోషీలో లినక్స్ రాసినవాళ్ళ హునర్‌ది ఖసూర్ కాదు. అమెరికాలో ఎంపీ3 మీద 2017 దాకా పేటెంట్లుండేవి. అలాంటి చిక్కులకు జడిసి ఉబుంటు వాళ్ళు ఆ కోడెక్‌లను విడిగా పెట్టారు. మన 1970 పేటెంట్ చట్టం, సెక్షన్ 3(కె), ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంట్ ఇవ్వనంటుంది. అయినా పరాయి ఖానూన్‌కు భయపడి వేసిన తాళం మన ఇళ్ళల్లోనూ వేలాడేది.

తాళంచెవి దగ్గరే ఉండేది. నెట్ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో ఉబుంటు రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ వేస్తే ఎంపీ3 కోడెక్‌లు, ఫ్లాష్ అప్పట్లో కలిసే వచ్చేవి. ఉబుంటు 10.04లో టోటెమ్ ప్లగిన్ ముందే ఉండేది. అది మొరాయిస్తే తీసేసి గెక్కో మీడియా ప్లేయర్ వేసేవాళ్ళం. రెండూ ఉంచేవాళ్ళం కాదు, ఒక జమాత్‌కు ఇద్దరు ఇమాములు దేనికి! ఫైర్‌ఫాక్స్ మూసి తెరిచి, అడ్రసు దగ్గర అబౌట్:ప్లగిన్స్ అని కొడితే దాని పేరు కనిపించేది.

బొమ్మ కదులుతోంది, ఆవాజ్ మాత్రం లేదా? అప్పుడు బ్రౌజర్ మీద ఇల్జామ్ వేయకండి. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అని కొట్టండి. ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి. మాస్టర్, పీసీఎం గడుల కింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తే నోరు కట్టేసి ఉందన్నమాట. ఆ గడి మీదికెళ్ళి ఎం మీట నొక్కితే విడుతుంది, పైబాణంతో పెంచుకోవాలి. అక్కడా అంతా సరిగ్గా ఉంటే పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ వేసి చూడండి. స్పీకరుకు వెళ్ళాల్సిన శబ్దం హెచ్‌డీఎంఐ దారి పట్టి ఉండొచ్చు. తిలావత్ నడుస్తుండగానే చూడాలి సుమా, ఆపేస్తే ఫైర్‌ఫాక్స్ పేరు ఆ జాబితాలో ఉండదు.

ఇదంతా కలిపి అరగంట పని. ఆ అరగంట కూర్చోలేనివాళ్ళు ఇంకొకరి కంప్యూటర్ మీద చెయ్యి వేయకపోతే మేహర్బానీ.  ఎవరింట్లోనైనా ఉబుంటు వేయబోతుంటే ఒక హెడ్‌ఫోన్ జేబులో పెట్టుకెళ్ళండి, తప్పు స్పీకర్ తీగదా మిక్సర్‌దా అన్నది అక్కడికక్కడే తేలుతుంది.