చెరకు చేనులో సన్‌స్క్రీన్

సన్‌స్క్రీన్ అంటే పట్నంవాళ్ల సొగసు అనుకొనే కాలం పోయింది. కలుపు తీతకు, పసుపు తవ్వడానికి పోయే ఆడవాళ్లు సైతం బోధన్ వైపు పల్లెల నుంచి నిజామాబాద్ వచ్చినప్పుడు కంఠేశ్వర్‌లో మందుల షాపు దగ్గర ఆగి, ఎండకు రాసుకొనే క్రీము అడుగుతున్నారు. రోజూ రాసుకుంటే ఏమైనా అవుతుందా అన్న భయమూ వారిలో ఉంది. అడగవలసిన ప్రశ్నే. కాని షాపులో జవాబు చెప్పేవారు తక్కువ, ట్యూబు అందించేవారు ఎక్కువ.

ఈ భయానికి మూలం లేకపోలేదు. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రజ్ఞులు 2019లోను, 2020లోను జరిపిన పరీక్షలలో ఆక్సీబెంజోన్ వంటి కొన్ని రసాయనాలు చర్మం గుండా రక్తంలోకి చేరుతున్నట్లు తేలింది. రక్తంలోకి చేరుతున్నాయన్నారే గాని హాని చేస్తున్నాయని వారు అనలేదు. క్రీము మానవద్దని కూడా వారే చెప్పారు. ఈ రెండో మాట ఫోన్లలో తిరిగే కబుర్లలో కనిపించదు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనేవి చాలావరకు చర్మం పైనే నిలిచిపోతాయి. అనుమానం ఉన్నవారు వాటితో చేసిన క్రీము చూసుకొని కొనవచ్చు.

ఆస్ట్రేలియాలోని నాంబూరు అనే ఊరిలో 1992 నుంచి నాలుగున్నర ఏళ్లపాటు 1,600 మందికి పైగా ప్రజలను పరిశీలించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. అయితే అది తెల్లతోలు జనం ఉన్న దేశం. మన చామనఛాయే మనకు కొంత కాపు; ఆ జబ్బు మనవారిలో తక్కువ. కనుక క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టి అమ్మడం అన్యాయం. మంగు మచ్చలు ఉన్నవారికి, ఎండ పడగానే దద్దు లేచేవారికి, బొల్లి ఉన్నవారికి మాత్రం ఇది నిజంగా పనికి వస్తుంది.

ఇంతవరకు పట్నానికీ పల్లెకూ ఒకటే మాట. చేనులో అడుగు పెట్టగానే మాట మారుతుంది. చెరకులో కలుపుకు 2,4-డి కొట్టడం ఈ ప్రాంత రైతులకు తెలియనిది కాదు. సన్‌స్క్రీన్‌లలో వాడే కొన్ని పదార్థాల వల్ల ఈ 2,4-డి చర్మంలోకి మరింత ఎక్కువగా దిగుతున్నదని 2004లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అది ఎలుక చర్మంపై ప్రయోగశాలలో చేసిన పరీక్షే, మనుషుల మీద కాదు. అయినా తేలికగా తీసుకోదగిన సంగతి కాదు. పొద్దున క్రీము రాసుకొని, పది గంటలకు ట్యాంకు వీపున వేసుకొని మందు కొట్టేవాడు, మందు అంటిన చేతితోనే మొహం చెమట తుడుచుకుంటాడు. మందు కొట్టే రోజు క్రీమును నమ్ముకోకుండా నిండు చేతుల చొక్కా, తొడుగులు, మొహానికి గుడ్డ కట్టుకోవడమే మేలు. పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. సన్‌స్క్రీన్ ప్రచారంలో ఈ ముక్క ఎక్కడా వినిపించదు. ఆ ప్రచారం చెరకు రైతును ఉద్దేశించినది కాదు మరి.

ఖర్చు లెక్క కూడా చూడాలి. మొహానికి, మెడకు రెండు వేళ్ల పొడవున క్రీము కావాలి. చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకు రెండుసార్లే రాసినా 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు మించి రాదు. చేతులకు కూడా రాస్తే వారం దాటదు. కూలి డబ్బులో అంత తీయగలవారు ఎందరు? తలకు రుమాలు, చెవుల మీదుగా కప్పిన కొంగు, మగవాని పాత చొక్కా వేసుకొని నాట్లకు పోయే ఆడవాళ్లది వెనుకబాటు కాదు. దట్టమైన నేత గుడ్డను మించిన ఎండ కాపు లేదు, అది చెమటకు కారిపోదు కూడా. ఆరు నెలలు నిండని పసిబిడ్డకైతే క్రీము రాయనే వద్దు, నీడే కావాలి.

అసలు ప్రమాదం మరొకటుంది. ఎండ క్రీము అడిగిన మనిషికి తెల్లబడే క్రీము అంటగట్టడం. స్టెరాయిడ్ కలిసిన పూత నాలుగు రోజులు మంగును మాపినట్లే కనిపించి, తరువాత చర్మాన్ని పలచబరచి, మొహం ఎర్రబారి మండేలా చేస్తుంది. ఇటువంటి 14 రకాల మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చినట్లు 2023లో వైద్యులు బయటపెట్టారు. ఆ క్రీములలోని పాదరసమే కారణమని వారి అభిప్రాయం.

పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితంలో తెలుగు ఉంటుంది. మొహానికి పూసుకొనే ట్యూబు మీద సాధారణంగా ఇంగ్లీషు ముక్కలే, అవీ చీమ తలకాయలంత. రైతు వేదికల్లో మందుల వాడకం గురించి చెప్పే వ్యవసాయ అధికారులు క్రీము సంగతి కూడా ఒక మాట కలపాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతలు అమ్మే షాపుల మీద ఔషధ తనిఖీ అధికారులు పసుపు తవ్వే పనులు మొదలుకాకముందే దృష్టి పెట్టాలి.